నలభై అంగలు

పెళ్ళిళ్ళ ఫోటోలు తీసేవాణ్ణి నేను.
"ఇంకొంచెం దగ్గరికి జరగండి" అనడమే నా బతుకుతెరువు.
ఎడమొహం పెడమొహం వియ్యంకుల్ని కూడా
భుజాలు ఆనేదాకా జరిపినవాణ్ణి.

పుత్తూరు స్టూడియోకి తాళం వేసి,
బాడుగకు తెచ్చిన పొడుగు లెన్సు తువ్వాల్లో చుట్టుకొని
మార్గశిరం చలిలో నల్లమడుగు గట్టెక్కేసరికి
పోలమ్మ మొదటి మాటే నన్ను తిరగేసింది.
"దూరం జరుగబ్బయా. ఇంకా. ఇంకొంచెం."

చేపల బుట్ట దించి, కుచ్చెళ్ళు ఎగదోపి
నీళ్ళ అంచు నుంచి అంగలు వేసింది.
నలభై.
అక్కడ ఎర్రమట్టిలో కాలి బొటనవేలితో గీత గీసింది.
"ఇది దాటితే ఫోటో నువ్వు దియ్యవు,
నీ ఫోటోకి మీవోళ్ళు దండేస్తారు."

నవ్వాను. ఆమె నవ్వలేదు.
"కాలిరిగితే పుత్తూరు కట్టుండాది.
అది నమిలినాక కట్టేదానికి కాలేదీ?
గమ్మునుండు."

ఎండ కొండ దిగివచ్చేదాకా ఏమీ లేదు.
నీళ్ళ మీద పొగ. ఒక బుడబుంగ మునక.
నా తుమ్ము నేనే మింగుకోవడం.
ఆ తర్వాత,
గంట నుంచి నేను బండ అనుకుంటున్నది
లెన్సులో కన్ను తెరిచింది.
పసుప్పచ్చ గోళీ, మధ్యలో నిలువు చీలిక.

మెల్లగా నోరు కూడా తెరిచింది.
"కోపమొచ్చిందా దానికి?"
"కోపమూ లేదు పాడూ లేదు.
ఒళ్ళు వేడెక్కితే అట్ట తెరిచిపెట్టుకుంటాది.
నీళ్ళకీ దానికీ మద్దెన మాత్రం నిలబడాకు,
ఇంటికి పొయ్యే దోవ మూస్తే ఎవురికైనా కోపమే.
నిన్న కూచున్న తావులో ఈ పొద్దు కూచోవాకు.
నువ్వు దాన్ని చూసినన్ని దినాలూ
అదీ నిన్ను చూస్తానే ఉంటాది."

అప్పుడొచ్చారు, తిరుపతి నుంచి బైకు మీద ఇద్దరు.
సెల్ఫీ కర్ర. నల్ల కవర్లో కోడిపేగులు.
"ఒక్క ముక్క విసిరితే ఎట్ట ఎగురుతాదో చూడన్నా!"
దాచడమెందుకు,
నా వేలు కూడా బటన్ మీద ఆశగా కదిలింది.

పోలమ్మ కవరు లాక్కుంది. అరవలేదు.
"ఈ పొద్దు మీరు పెడతారు.
మాపటికి తిరపతిలో ఉంటారు.
మనిషి చెయ్యంటే కూడని దానికి నేర్పించి పోతారు.
రేపు తెల్లారి ఈ నీళ్ళల్లో
వల ఇప్పేది యా చెయ్యి?"
చెయ్యి చాపింది.
పొలుసులంటుకొని మెరుస్తోంది,
తాళ్ళు కోసిన గీతలు అరచేయంతా.
ఆ చేతికి నా పొడుగు లెన్సు పనికిరాలేదు,
మరీ దగ్గర.

బైకు తన్నిన చప్పుడుకే
మడుగు దాన్ని మింగేసి, జిప్పు వేసుకున్నట్టు మూసుకుంది.
నాకు మిగిలింది ఒకే ఒక్క ఫోటో.

మాఘంలో నగరిలో పెళ్ళి.
పెళ్ళికూతురు కొత్త మొగుడికి
జానెడు ఎడంగా నిలబడింది.
'దగ్గరికి' అన్న మాట పళ్ళదాకా వచ్చింది.
ఉండనిచ్చాను.
నేనే రెండంగలు వెనక్కి వేశాను.

స్టూడియో గోడ మీద, పెళ్ళి జంటల నడుమ
తగిలించానా ఫోటో.
పాస్‌పోర్టు బొమ్మలకొచ్చినవాళ్ళు
దువ్వెన చేతబట్టుకొని అడుగుతారు,
"నీళ్ళ పక్కన దుంగను దీసినావేంది సామీ?"
దుంగే, అంటాను.
ఎవరైనా అద్దం మీద వేలు పెట్టబోతే మాత్రం
ఎందుకో
చెయ్యి పట్టి వెనక్కి లాగుతాను.